నానో వైద్యం కోసం ఆగాలా, సోమవారం కరెంటు మొదలుపెట్టాలా?

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. కుదించి చెబుతున్నాను.

ఆమెకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్నకు 71. మిర్చి రైతు, నలభై ఏళ్లు బీడీలు కాల్చిన మనిషి. ఆరు నెలల కిందట ముద్ద మింగుతుంటే గొంతులో ఏదో అడ్డం పడుతోందన్నాడు. తర్వాత చెవిపోటు, మెడ పక్కన గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపితే నాలుక మొదట్లో క్యాన్సర్ అని తేలింది. రిపోర్టులో ‘స్టేజ్ ఫోర్ ఏ’ అని ఉంది. కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి, క్రియాటినిన్ 2.1. అందుకని మామూలుగా రేడియేషన్‌తో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వలేమని, ఒట్టి రేడియేషన్ (జనం మాటలో కరెంటు) 35 సిట్టింగ్‌లు పెడదామని డాక్టర్ చెప్పారు. రేడియేషన్‌లో తల కదలకుండా ముఖానికి వేసే మాస్క్ కూడా తయారైంది. వచ్చే సోమవారం మొదలు.

ఇంతలో డాలస్‌లో ఉన్న అన్న ఫోన్ చేశాడు. నానో కణాలు, రేడియేషన్, ఇమ్యూనోథెరపీ మూడూ కలిపితే గడ్డలు మాయమైపోతున్నాయని వ్యాసాల మీద వ్యాసాలు పంపాడు. ‘పాతకాలపు కరెంటు పెట్టించి నాన్నను చంపుకోవద్దు, నెల రోజులు ఆగండి, నేను ఇక్కడ కనుక్కుంటా’ అన్నాడు. బావ ఇంకో దారి పట్టాడు. ఆయనకు తెలిసిన ఒక క్లినిక్‌లో ‘నానో గోల్డ్’ డ్రిప్పులు ఆరు ఎక్కిస్తారట. ఇమ్యూనిటీ పెరిగి రేడియేషన్ పదింతలు పనిచేస్తుందట. 3 లక్షల 80 వేలు. ఎకరం ఇరవై గుంటలు అమ్మకానికి పెడదామంటున్నాడు. అమ్మ సోమవారమే మొదలుపెట్టాలంటుంది. నాన్నకు మాత్రం ‘గొంతులో పుండు’ అని చెప్పారు. ‘నేను ఎటు మొగ్గినా, రేపు నాన్నకు ఏమైనా అయితే ఆ తప్పు నాదే అవుతుంది. నిద్ర పట్టడం లేదు’ అని ముగించారు.

అమ్మా, ముందు నా సంగతి చెబుతాను. నేను డాక్టర్‌ని కాను. క్యాన్సర్ రోగుల కుటుంబాలతో చాలా ఏళ్లుగా కూర్చుంటున్న కౌన్సెలర్‌ని. మందు రాసే అధికారం నాకు లేదు. మీ డాక్టర్‌ను ఏం అడగాలో, ఏ దారిలో వెళ్తే ఏమవుతుందో చెప్పగలను.

మీ ఉత్తరంలో ‘ఫోర్’ అన్న మాట కింద రెండు గీతలు గీశారు. మీ ఇంట్లో టెన్షన్‌కి సగం కారణం అదే అనిపించింది. తల, మెడ క్యాన్సర్లలో ‘ఫోర్ ఏ’ అంటే ఒళ్లంతా పాకిందని కాదు. గడ్డ పుట్టిన చోట, మెడ గ్రంథుల దగ్గర బలంగా ఉందనే అర్థం. ఊపిరితిత్తులకో కాలేయానికో పాకితే ‘ఫోర్ సీ’ అంటారు. మీ నాన్నగారికి డాక్టర్ 35 సిట్టింగ్‌లు రాశారంటే నయం చేయాలన్న ఉద్దేశంతోనే. నొప్పి తగ్గించడానికి మాత్రమే అయితే ఐదో పదో రాసేవారు. ఈ తేడా మీ అన్నకు ఎవరూ చెప్పి ఉండరు. ఎలాగూ చివరి దశే కదా, కొత్తదేదో చూద్దాం అన్న లెక్కలో అతనున్నాడు. ఆ లెక్కే తప్పు. ఇక్కడ పోగొట్టుకోవడానికి చాలా ఉంది.

అలాగని అన్న పంపిన వ్యాసాలు గాలి కబుర్లు కావు. ఆ శాస్త్రం నిజమే, అందులో అందం కూడా ఉంది. నాకు అర్థమైనంత చెబుతాను, ఆయనతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

రేడియేషన్ కిరణం గడ్డ మీదే కాదు, దారిలో ఉన్న మంచి కండ మీదా పడుతుంది. డోసు పెంచుదామంటే నోరు, గొంతు తట్టుకోలేవు. మరి కిరణం అదే ఉంచి, గడ్డ లోపలే దాని దెబ్బ పెంచితే? బరువైన లోహపు అణువులు ఎక్స్-కిరణాలను బాగా పట్టుకుని చుట్టూ ఎలక్ట్రాన్లను వెదజల్లుతాయి. ఆ లోహాన్ని వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే చిన్న రేణువులుగా చేసి గడ్డలో ఉంచితే, కిరణం పడినప్పుడల్లా దెబ్బ లోపలే ఎక్కువవుతుంది. 2004లో ఎలుకల మీద బంగారు నానో రేణువులతో చేసిన ప్రయోగంలో ఏడాది తర్వాత నూటికి 86 ఎలుకలు బతికున్నాయి. ఒట్టి రేడియేషన్ ఇచ్చినవాటిలో 20. బావ చెప్పే ‘నానో గోల్డ్’ పుట్టింది ఇలాంటి అంకెల నుంచే. ఆ ఎలుకలకు బంగారం ఒక్కటే ఇచ్చిన గుంపు కూడా ఉంది. అందులో ఒక్కటీ బతకలేదు. క్లినిక్ వాళ్ల కాగితంలో ఆ వరుస ఉండదు.

ఇమ్యూనోథెరపీ సంగతి వేరు. మన ఒంట్లో టీ కణాలనే కాపలాదారులుంటాయి. ఒంటిని అవే కొరికేయకుండా వాటికి సహజంగానే కొన్ని బ్రేకులున్నాయి. క్యాన్సర్ గడ్డ ఆ బ్రేకులను నొక్కిపట్టి దాక్కుంటుంది. ఆ బ్రేకుల గుట్టు కనిపెట్టి వైద్యంగా మలిచినందుకే 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ వచ్చింది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు ఆ బ్రేకును వదిలిస్తాయి. రేడియేషన్‌తో గడ్డ కణాలు పగిలితే వాటి ఆనవాళ్లు బయటపడతాయి, కాపలాదారులు గుర్తుపడతారు. ఒక చోట కిరణం పెడితే ఇంకోచోట ఉన్న గడ్డ కూడా కరగడాన్ని 1953లోనే గమనించి ‘ఆబ్‌స్కోపల్’ ప్రభావం అని పేరు పెట్టారు. అయితే అది చాలా అరుదు. నానో రేణువులతో కణాలను ఇంకా బాగా పగలగొట్టి, ఇమ్యూన్ మందుతో బ్రేకు తీస్తే ఆ అరుదైనది మామూలు అవుతుందేమోనన్నదే అన్న పంపిన వ్యాసాలన్నిటి వెనక ఉన్న ఆశ.

ఆ ఆశ మనుషుల దాకా ఎంతవరకు వచ్చింది? అన్నింటికంటే ముందున్నది ఫ్రాన్స్‌కు చెందిన నానోబయోటిక్స్ కంపెనీ మందు, పేరు ఎన్‌బీటీఎక్స్‌ఆర్3. అందులో ఉండేది బంగారం కాదు, హాఫ్నియం ఆక్సైడ్. డ్రిప్పులో ఎక్కించరు. రేడియేషన్‌కు ముందు ఒక్కసారి సూదితో నేరుగా గడ్డలోకే ఇస్తారు. కాళ్లు, చేతుల్లాంటి చోట్ల కండ, కొవ్వులో వచ్చే సార్కోమా అనే క్యాన్సర్ రోగులు 180 మంది మీద చేసిన పరీక్ష 2019లో వెలువడింది. ఆపరేషన్‌లో తీసిన గడ్డలో బతికున్న కణాలు దాదాపు లేకుండా పోయినవాళ్లు నానో ఇచ్చిన గుంపులో నూటికి 16 మంది, ఇవ్వని గుంపులో 8 మంది. రెట్టింపు అని సంబరపడొచ్చు. మిగతా 84 మంది మాటేమిటని అడగనూ వచ్చు. ఆ ఫలితంతోనే ఐరోపాలో ఆ ఒక్క రకం సార్కోమాకు అనుమతి వచ్చింది.

మీ నాన్నగారి పరిస్థితికి దగ్గరగా ఉన్న పరీక్ష కూడా ఒకటుంది. సిస్‌ప్లాటిన్ తట్టుకోలేని పెద్దవయసు తల, మెడ క్యాన్సర్ రోగులు సుమారు 500 మందితో నానోరే-312 అనే మూడో దశ పరీక్ష 2022లో మొదలైంది. కానీ అందులో ఇమ్యూనోథెరపీ లేదు. రేడియేషన్ ఒక్కటి గానీ, సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందుతో కలిపి గానీ ఇస్తూ, దానికి నానో చేరిస్తే మేలా అని చూస్తారు. చేరినవాళ్లలో సగం మందికి నానో అందదు, ఎవరికి అందుతుందో చీటీలు తీసినట్టు తేలుతుంది. మూడూ కలిపిన పరీక్ష ఒకటి అమెరికాలో జరిగింది. అది తొలి దశది. అందులోకి తీసుకున్నది జబ్బు తిరగబెట్టినవాళ్లను, ఇతర అవయవాలకు పాకినవాళ్లను. మీ నాన్నగారు ఇంకా మొదటి వైద్యమే మొదలుపెట్టలేదు, అందులో ఆయనకు చోటుండదు. అంటే అన్న చెప్పే ‘మూడూ కలిపి’ అన్నది నెల ఆగినా, పొలం మొత్తం అమ్మినా ఎక్కడా కొనుక్కోగల వస్తువు కాదు.

ఆగమనే ముందు అన్న చదవాల్సిన ఇంకో సంగతి ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో రేడియేషన్, కీమో అయ్యాక డుర్వాలుమాబ్ అనే ఇమ్యూన్ మందు ఇస్తే నిజంగా మేలు జరిగింది. ఐదేళ్లకు బతికున్నవాళ్లు నూటికి 33 నుంచి 43కి పెరిగారు. అదే డుర్వాలుమాబ్‌ను మీ నాన్నగారిలాగే సిస్‌ప్లాటిన్ పడని తల, మెడ క్యాన్సర్ రోగులకు రేడియేషన్‌తో కలిపి ఇచ్చి చూశారు. సెటుక్సిమాబ్ కంటే మెరుగ్గా పనిచేయలేదు. అదే మందు, అదే రేడియేషన్, ఒక చోట పనిచేసింది, ఇంకోచోట చేయలేదు. ఎలుకలో కరిగిన గడ్డ చూసి మనిషికి మాట ఇవ్వకూడదనడానికి కారణం ఇదే.

బావ చెప్పిన క్లినిక్ గురించి నేను మొహమాటపడను. చేతికి నానో డ్రిప్పు ఎక్కిస్తే అది తిన్నగా గొంతులోని గడ్డకే వెళ్తుందా? పదేళ్ల పరిశోధనలను పోగుచేసి 2016లో లెక్కవేస్తే, ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డ దాకా చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అది కూడా ఎక్కువగా ఎలుకల్లో. మిగతాది చాలావరకు కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. మీ నాన్నగారి కిడ్నీలు అంతంత మాత్రం. కిడ్నీకి బరువని సిస్‌ప్లాటిన్‌నే పక్కన పెట్టిన మనిషికి, ఏముందో తెలియని లోహపు ద్రావణం ఎక్కిస్తారా? ఇది మన ఇళ్లలో స్వర్ణభస్మం మీద ఉన్న నమ్మకాన్ని వాడుకునే వ్యాపారం. ఇమ్యూనిటీ పెంచుతామంటూ ఇచ్చే యాంటీఆక్సిడెంట్ మాత్రలతోనూ జాగ్రత్త. రేడియేషన్ పనిచేసే తీరులో, గడ్డ కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులదే పెద్ద పాత్ర; యాంటీఆక్సిడెంట్లు వాటినే అణిచేస్తాయి. కెనడాలో తల, మెడ క్యాన్సర్ రోగులకు రేడియేషన్ కాలంలోనూ ఆ తర్వాతా విటమిన్ ఈ ఇచ్చి చూస్తే, ఇచ్చినవాళ్లలోనే మరణాలు ఎక్కువయ్యాయి.

‘ఇది ట్రయలే, రిజిస్టర్ అయింది’ అని ఆ క్లినిక్ వాళ్లు అంటే, సీటీఆర్ఐ (మందు పరీక్షలు, అంటే క్లినికల్ ట్రయల్స్, నమోదయ్యే జాతీయ రిజిస్ట్రీ) నంబర్ అడగండి. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్ అక్కడ ముందే నమోదు కావాలి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా చూడొచ్చు. నిజమైన ట్రయల్‌లో పరీక్షించే మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం కూడా ఇవ్వాల్సింది వాళ్లే. 3 లక్షల 80 వేలు అడిగారంటేనే మీకు జవాబు దొరికినట్టు.

ఇక మీ ముందున్న దారులు.

అన్న మాట విని నెల ఆగితే ఆ నెల ఊరికే పోదు. 2020లో చాలా పరిశోధనలను కలిపి చూసినప్పుడు, తల, మెడ క్యాన్సర్‌లో రేడియేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణించే ముప్పు సుమారు 9 శాతం పెరుగుతోందని తేలింది. అది సగటు. మీ నాన్నగారికి ఇప్పటికే ముద్ద దిగడం కష్టంగా ఉంది. నెలలో ఐదారు కిలోలు తగ్గితే, అప్పుడు ఒట్టి రేడియేషన్‌కే ఒళ్లు సహకరించకపోవచ్చు. వేసిన మాస్క్ వదులైపోతే ప్లానింగ్ మళ్లీ మొదటికొస్తుంది.

సోమవారమే మొదలుపెడితే ఏడు వారాలు వారానికి ఐదు రోజులు వెళ్లాలి. రెండో మూడో వారం నుంచి నోట్లో పుళ్లు, రుచి పోవడం, ఉమ్ము చిక్కబడటం, మెడ చర్మం కమలడం వస్తాయి. కొందరికి ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుంది. అది చూసి సగంలో ఆపేసేవాళ్లను చూశాను. ఆపితే మొదలుపెట్టకపోవడం కంటే పెద్దగా మేలేం కాదు. సంక్రాంతి అనో, చుట్టాలింట్లో పెళ్లి అనో నాలుగు రోజులు ఎగ్గొట్టినా నష్టమే. మొదలయ్యాక ఒక్క రోజు కూడా వదలకుండా ముగించడం ముఖ్యం. ఆస్పత్రికి దగ్గరలో గది తీసుకుంటే పొలం డబ్బు అవసరం రాకపోవచ్చు.

ఇంకో దారి గురించి మీ ఉత్తరంలో ఎవరూ ఎత్తలేదు. నాకు దీన్నే చెప్పాలని ఉంది. సిస్‌ప్లాటిన్ ఇవ్వలేని రోగులు 356 మంది మీద ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ఒక పరీక్ష చేశారు. సగం మందికి ఒట్టి రేడియేషన్. మిగతా సగానికి రేడియేషన్‌తో పాటు వారం వారం చిన్న డోసులో డోసిటాక్సెల్ అనే కీమో మందు. రెండేళ్లకు బతికున్నవాళ్లు ఒట్టి రేడియేషన్‌లో నూటికి 42, డోసిటాక్సెల్ కలిపితే 51. నానో కాదు, ఎలుకా కాదు. మన దేశపు రోగుల మీద రుజువైన పాత మందు. రేడియేషన్ దెబ్బను గడ్డలో పెంచాలన్న అదే పనిని ఇది ఇప్పటికే చేస్తోంది. ఊరికే రాదులెండి. నోటి పుళ్లు తీవ్రంగా వచ్చినవాళ్లు నూటికి 22 నుంచి 50కి పెరిగారు. 71 ఏళ్ల మనిషి, బరువు తగ్గుతున్న మనిషి తట్టుకుంటాడా అన్నది డాక్టరే చూసి చెప్పాలి. కాలేయం ఎలా ఉందో కూడా చూస్తారు. ‘వద్దు’ అంటే ఎందుకో అడగండి. ఆ కారణం మీ అన్నకు చెప్పడానికి ఉపయోగపడుతుంది.

రెండో అభిప్రాయం తీసుకోవాలనుకుంటే తీసుకోండి, తప్పేం లేదు. దేశంలోని క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయం రిపోర్టులు పంపి ఆన్‌లైన్‌లో తీసుకునే ‘నవ్య’ అనే సేవ ఉంది. దానికోసం సోమవారం ఆగనక్కర్లేదు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఇమ్యూన్ మందు తలుపు కూడా మూసుకుపోలేదు. దేవుడి దయవల్ల అవసరం రాకూడదు గానీ, జబ్బు తిరగబెడితే నివోలుమాబ్‌ను 20 మిల్లీగ్రాముల చిన్న డోసులో మూడు వారాలకోసారి, నోటి మాత్రల కీమోతో కలిపి ఇచ్చే పద్ధతిని టాటా మెమోరియల్ వాళ్లే పరీక్షించారు. మామూలు డోసు 240. అలాంటి రోగుల్లో ఏడాదికి బతికున్నవాళ్లు నూటికి 16 నుంచి 43కి పెరిగారు. పొలం ఇప్పుడే అమ్మొద్దని నేననడానికి ఇదొక కారణం. డబ్బు నిజంగా పనికొచ్చే రోజు తర్వాత రావచ్చు.

ట్రయల్ దారి మీద మనసుంటే, మీ డాక్టర్‌నే నేరుగా అడగండి, ‘నాన్నకు సరిపోయే ట్రయల్ ఏదైనా నడుస్తోందా’ అని. ఉంటే మంచిదే, ట్రయల్‌లో రోగిని కనిపెట్టి చూస్తారు. కానీ ఒక చిక్కుంది. ట్రయల్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది మీరు కాదు, నాన్నగారు. గొంతులో పుండు అనుకుంటున్న మనిషి దేనికి ఒప్పుకుంటున్నట్టు?

ఆయనకు చెప్పలేదన్న మాట మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ముప్పై ఐదు రోజులు ఆ హాల్లో కూర్చుంటాడు. పక్కన ముక్కుగొట్టాలతో, మెడలు నల్లబడిన మనుషులుంటారు. వాళ్లు ఒకరినొకరు ‘నీకెక్కడ’ అని అడుక్కుంటారు. రెండో రోజుకే ఆయనకు తెలిసిపోతుంది. తెలిసీ, మీరు బాధపడతారని తెలియనట్టు నటిస్తాడు. ఇంటిల్లిపాదీ ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ ఏడు వారాలు గడపడం ఎంత బరువో నేను చాలా ఇళ్లలో చూశాను. చెప్పకపోతే ఇంకో ముప్పు కూడా ఉంది. నాలుగో వారంలో నోరంతా పుళ్లయినప్పుడు ‘పుండుకే ఇంత నరకమా, నేను రాను’ అంటాడు. ఎందుకు భరించాలో తెలిసిన మనిషే భరిస్తాడు.

మీ అమ్మగారు వద్దంటే ఆమెను తోసుకుని చెప్పమనడం లేదు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ‘నాన్నా, నీ జబ్బు గురించి నీకేమేం తెలుసుకోవాలనుంది?’ అని అడగండి. ‘మీరే చూసుకోండి’ అంటే అదీ ఆయన నిర్ణయమే. మీరు అడిగారు, అది చాలు. నలభై ఏళ్లు మిర్చి రేటు పడినా పురుగు పట్టినా తట్టుకున్న మనిషిని మీరు అనుకుంటున్నంత సున్నితంగా చూడక్కర్లేదేమో.

అన్న గురించి. దూరంగా ఉన్న కొడుకుకు రోజూ నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్లే వీలు లేదు. చదవడం, పంపడం, వాదించడం ఒక్కటే అతని చేతిలో ఉంది. అతని వాదనలో ఉన్నది నానో కంటే ఎక్కువగా అపరాధభావం అని నాకనిపిస్తోంది. తప్పయితే మన్నించండి. అతనికి పని ఇవ్వండి. డోసిటాక్సెల్ పరీక్ష పూర్తి వ్యాసం చదివి డాక్టర్‌కు ప్రశ్నలు రాయమనండి. నవ్యలో రిపోర్టులు అతనే పెట్టొచ్చు. గది అద్దె, బండి ఖర్చు అతని వంతు అనండి. డాక్టర్‌ను కలిసేటప్పుడు అతన్ని వీడియో కాల్‌లో పెట్టండి. డాక్టర్ చెప్పేది చెల్లెలి నోటి నుంచి కాకుండా నేరుగా వింటాడు. తప్పు మీ ఒక్కరి మీద పడుతుందన్న భయం కూడా అక్కడే సగం తగ్గుతుంది, ఎందుకంటే నిర్ణయం తీసుకున్నప్పుడు అందరూ గదిలో ఉన్నట్టే.

చివరగా ఒక చిన్న విషయం. మీ ఉత్తరంలో స్కాన్‌లు, రక్తపరీక్షలు అన్నీ రాశారు గానీ పళ్ల డాక్టర్ మాట లేదు. బీడీలు కాల్చిన నోట్లో పుచ్చిన పళ్లుంటే గొంతుకు కరెంటు పెట్టకముందే తీయించాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది. పళ్లు తీస్తే చిగుళ్లు మానడానికి రెండు వారాల దాకా ఆగుతారు. మీరు సోమవారాన్ని వెనక్కి జరపడానికి ఒప్పుకోదగిన కారణం నాకు కనిపించింది అదొక్కటే. రేపు ఉదయమే ఫోన్ చేసి, పళ్లు చూశారా అని అడగండి.